పొట్లం కట్టిన ప్రకృతి

తెలుగునాట సోరియాసిస్ వచ్చినవాడికి మందు దొరకదన్న దిగులు అక్కర్లేదు. మోచేతి మీద పొట్టు రాలే ఎర్రమచ్చ కనిపించేలా పొట్టిచేతుల చొక్కా తొడుక్కుని ఒక పెళ్ళికి వెళ్తే చాలు, పులిహోర విస్తట్లోకి వచ్చేలోపు ముగ్గురు వైద్యులు తగులుతారు. పెళ్ళికూతురి మేనత్త పరగడుపున వేపచిగురు నమలమంటుంది. అవతల కూర్చున్న రిటైర్డు తహసీల్దారుగారు "వేప ఏం చేస్తుందమ్మా, గుంటగలగరాకు పసరు పట్టించమను" అని తీర్పు సవరిస్తారు. వీడియో తీసే కుర్రాడు కెమెరా దించి, "మా అత్తగారి ఊళ్ళో ఒకాయన పొడి ఇస్తాడు సార్, మూడంటే మూడు రోజులు" అని చెవిలో వేస్తాడు. అది సోరియాసిసా, తామరా, గజ్జా, ఎగ్జిమానా అన్న అనుమానం ముగ్గురిలో ఒక్కరికీ రాదు. రోగమేదో తేల్చాకే మందు చెప్పడానికి వాళ్ళేమన్నా ఫీజు పుచ్చుకున్నారా?

వేపచిగురుతో నాకు పేచీ లేదు. మేనత్తతో అసలే లేదు. ఆవిడ వైద్యానికి అయ్యే ఖర్చల్లా కాసేపు నోరు చేదెక్కడమే. నా పేచీ ఆ మూడోవాడు చెవిలో వేసిన పొడితో.

ముందు జబ్బు సంగతి రెండు ముక్కల్లో. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి చర్మాన్ని తొందరపెడితే వచ్చేది సోరియాసిస్. మామూలుగా ఒక చర్మకణం అడుగున పుట్టి, పైకి చేరి, రాలిపోవడానికి నెల పడుతుంది. ఈ జబ్బులో ఆ ప్రయాణమంతా నాలుగైదు రోజుల్లో ముగుస్తుంది. పాతది రాలకముందే కొత్తది వచ్చి పడుతుంది కాబట్టి పొలుసులు పేరుకుంటాయి. ఇది అంటుకునేది కాదు. ఆ మనిషికి వేరే కంచం, వేరే తువ్వాలు పెట్టే ఇళ్ళలో అంటుకున్నది రోగం కాదు, అజ్ఞానం. అలాగని పూర్తిగా వదిలిపోయేదీ కాదు. వస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. చలికాలంలో ముదురుతుంది. గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత విజృంభిస్తుంది. కూతురి పెళ్ళికి అప్పు పుట్టనప్పుడు వీపంతా పాకుతుంది. ఎండలు ముదిరేసరికి చెప్పాపెట్టకుండా సగం మాయమవుతుంది.

డాక్టర్లకు ఈ గుణం తలనొప్పి. పొడి వ్యాపారికి ఇంతకు మించిన బంగారు గని లేదు. దానంతటదే తగ్గే అలవాటున్న రోగం పక్కన ఆ సమయానికి ఎవడు నిలబడితే వాడే ధన్వంతరి. బాగా ముదిరినప్పుడే కదా రోగి పరిగెత్తేది, ముదిరాక ఎటూ కొంత దిగుతుంది. దిగిన ఘనత ఆ వారం చేతిలో ఏ మందుంటే ఆ మందుది. చైత్రంలో పొడి మొదలుపెట్టినవాడు వైశాఖంలో నయమైపోయిందని ఊరంతా చెబుతాడు. మార్గశిరంలో తిరగబెట్టినప్పుడు మాత్రం చెప్పడానికి మొహం చెల్లక నిండుచేతుల చొక్కా వేసుకుంటాడు. అందుకే పొడి గురించి మనకు వినబడేవన్నీ విజయగాథలే. ఓడినవాళ్ళంతా గుండీలు బిగించుకుని మౌనంగా తిరుగుతున్నారు.

ఇక వైద్యాలయానికి వెళ్దాం. అడ్రసు కరెంటు స్తంభం మీద ఉంటుంది. "సోరియాసిస్, బొల్లి, మొలలు, సంతానలేమి, కీళ్ళనొప్పులు. శాశ్వత నివారణ. ప్రతి నెలా రెండో ఆదివారం, బస్టాండు ఎదురు లాడ్జి." ఇన్ని శాఖలు పెట్టాలంటే పెద్దాసుపత్రికి అయిదంతస్తులు కావాలి. గురువుగారికి ఒక మంచం చాలు. గోడకు మంచుకొండల ఫొటో, బల్ల మీద ఎండిన వేళ్ళు నాలుగు. ఆ వేళ్ళు ఎవరూ నూరగా చూడలేదు. ఏ ఊరికెళ్ళినా అవే నాలుగు వేళ్ళు బల్ల మీదికి వస్తాయి, సాయంత్రం సంచిలోకి వెళ్తాయి.

"ఎన్నాళ్ళ నుంచి నాయనా?"

"పదకొండేళ్ళండి గురువుగారూ."

"ఇంగ్లీషు మందులు వాడావా?"

"వాడానండి."

"అదీ సంగతి. ముందు ఆ విషం దిగాలి. రక్తం చెడిపోయింది. మన దగ్గర అన్నీ ఆకులు, వేళ్ళే. సైడ్ ఎఫెక్ట్ అన్న మాటే ఉండదు."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. పదకొండేళ్ళలో అతనికి "నయమైపోతుంది" అన్న మొదటి మనిషి ఈయన. చర్మం చీల్చుకుని చూపించమన్నా చూపించేటంత కృతజ్ఞత కలుగుతుంది. ఆ కృతజ్ఞతలోనే పర్సు బయటికొస్తుంది.

చేతికొచ్చేది ఏమిటంటే, పాత పేపరు ముక్కల్లో కట్టిన ఇరవై ఒక్క పొట్లాలు. ఒకటి విప్పితే గోధుమరంగు పొడి. కాస్త వాము వాసన, కాస్త శొంఠి ఘాటు, నాలుక చివర మాత్రం శొంఠికీ వాముకీ సంబంధం లేని ఒక వింత చేదు. పొట్లం మీద పేరు లేదు, తయారీ తేదీ లేదు, లైసెన్సు నంబరు లేదు, అందులో ఏం కలిసిందో లేదు. ఉన్నదల్లా ఎవరిదో పెద్దకర్మ ప్రకటనలో సగం. ఏమిటండీ ఇది అని అడిగితే గురుపరంపరగా వస్తున్న రహస్యమట, చెబితే గుణం పోతుందట. పిల్లాడికి బిస్కట్లు కొనేటప్పుడు పాకెట్టు తిరగేసి మైదా ఎంత, పామాయిలెంత అని కళ్ళజోడు పెట్టుకుని చదివే పెద్దమనిషి, ఈ పొట్లాలను మాత్రం కళ్ళకద్దుకుని సంచిలో వేసుకుంటాడు.

పొడితోపాటు పథ్యం ఇస్తారు. ఈ వ్యాపారానికి అసలు రాజ్యాంగం అదే. వంకాయ వద్దు. గోంగూర వద్దు. చేప, కోడి, గుడ్డు వద్దు. చింతపండు తగలకూడదు. పెరుగు పగలు వద్దు, రాత్రి అసలు వద్దు. శనగపిండి చూడనే కూడదు. ఆవకాయ పేరెత్తకూడదు. సిగరెట్టూ మద్యమూ మానితే, బరువు తగ్గితే సోరియాసిస్‌కి నిజంగానే మేలు. ఆ మూడు ముక్కలు ఈ జాబితాలో వెతికినా దొరకవు. వెతకాల్సిన పనీ లేదు, ఎందుకంటే అది పాటించడానికి రాసిన జాబితా కాదు, తప్పడానికి రాసినది. గోంగూర, వంకాయ, ఆవకాయ, చింతపండు మానేసి మూడు నెలలు బతికిన తెలుగువాణ్ణి గురువుగారు ఇంతవరకూ చూడలేదు. చూడబోననీ ఆయనకు తెలుసు. నెల తిరిగేసరికి రోగి అదే మంచం ముందు నిలబడతాడు.

"తగ్గలేదండీ."

"ఏమైనా తిన్నావా?"

"ఏమీ లేదండీ... మొన్న మా బావమరిది గృహప్రవేశంలో, చూసుకోలేదు, గుత్తివంకాయ ఒక్కటి..."

"అయ్యో నాయనా! మళ్ళీ మొదటికి తెచ్చావే. ఇంకో నెలకిస్తాను, జాగ్రత్త."

రోగి గురువుగారికి క్షమాపణ చెప్పుకుని, దారంతా బావమరిదిని తిట్టుకుంటూ, రెండో విడత పొట్లాలతో బస్సెక్కుతాడు. సరుకు పనిచెయ్యకపోతే కొన్నవాడే తప్పు ఒప్పుకుని, సిగ్గుపడి, మళ్ళీ డబ్బు కట్టి కొనే వ్యాపారం ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి. చెప్పులు తెగిపోతే తిరిగిచ్చేస్తాం. మిక్సీ తిరగకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. పొడి పనిచెయ్యకపోతే వంకాయను దోషిని చేస్తాం. తగ్గడం పోయి ఇంకా పెరిగిందా, అదీ శుభమే. "లోపలి విషం బయటికి కొడుతోంది" అన్న వాక్యం అందుకే సిద్ధంగా ఉంది. తగ్గినా గెలుపే, తగ్గకున్నా గెలుపే, పెరిగినా గెలుపే. ఇన్ని గెలుపులున్న పందెం కోడిపుంజుల బరిలో కూడా ఉండదు.

పోనీ, ఇవన్నీ డబ్బు పోగొట్టే సరదాలు, ప్రాణానికి ముప్పు లేదు కదా అనుకుని నవ్వేసి ఊరుకోవచ్చు. నా అసలు భయం పనిచెయ్యని పొడి గురించి కాదు. పనిచేసే పొడి గురించి.

కొన్ని పొడులు నిజంగానే పనిచేస్తాయి. కెమెరా కుర్రాడు అబద్ధం చెప్పలేదు. మూడో రోజుకు దురద పోతుంది, వారానికి పొలుసులు రాలి చర్మం నున్నబడుతుంది. రోగి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటాడు. ఆకలి విపరీతంగా వేస్తుంది. నిద్ర పట్టకపోయినా హుషారుగానే ఉంటాడు. రెండు నెలలయ్యేసరికి ముఖం గుండ్రంగా నిండి నిగనిగలాడుతుంది. అత్తగారు చూసి మురిసిపోతుంది: "అల్లుడుగారికి పొడి ఒంటికి పట్టిందమ్మా, ముఖంలో కళ చూడు!" ఆ కళను వైద్య పుస్తకాల్లో చంద్రబింబ ముఖమంటారు. కవిత్వమనుకునేరు, అది స్టెరాయిడ్లు ఎక్కువైనవాడి లక్షణం. మూడు రోజుల్లో సోరియాసిస్‌ని అణిచేసే ఆకు నాకు తెలిసి లేదు. అణిచేసే గోళీ ఉంది. దాన్ని నూరి, వాములో కలిపి, పేపర్లో కడితే గురుపరంపర రహస్యమవుతుంది. నాలుక చివరి ఆ వింత చేదు బహుశా ఆ పరంపరదే.

ఇది నా ఊహాగానమైతే సంతోషించేవాణ్ణి. బ్రిటన్‌లో చర్మవ్యాధులకు మూలికల క్రీములని అమ్ముతున్న పదకొండు చైనా తయారీలను పరీక్షిస్తే ఎనిమిదింటిలో డెక్సామెథసోన్ అనే గట్టి స్టెరాయిడ్ బయటపడిందని 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చువేసింది. ఇక మనవైపు చూస్తే, అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరికిన, దక్షిణాసియాలో తయారైన 70 ఆయుర్వేద మందులను పరీక్షించారు. 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో, కొన్నింటిలో ఒకటికి మించో తేలాయి. 2004లో అమెరికన్ వైద్య పత్రిక జామాలో వచ్చిన లెక్క అది. అవి దుకాణంలో, సీసాలో, పేరు రాసుకుని అమ్మిన మందులు. లాడ్జి గదిలో పెద్దకర్మ ప్రకటనలో కట్టినదానికి పరీక్ష చేసే నాథుడెవరు?

ఇందులోని వ్యంగ్యం నేను కష్టపడి పుట్టించాల్సింది కాదు, పొట్లంలోనే ఉంది. మన రోగి చర్మ డాక్టరు దగ్గర్నుంచి ఎందుకు పారిపోయాడు? "అమ్మో, స్టెరాయిడ్లు రాస్తారు" అని. ఎక్కడికి పారిపోయాడు? అదే స్టెరాయిడ్ దగ్గరికి. డాక్టరు రాస్తే పూతమందుగా, ఇన్ని రోజులని కొలిచి, ఫలానాచోట రాయకూడదని చెప్పి రాసేది. ఇక్కడ లెక్కాపత్రం లేకుండా పొద్దునా సాయంత్రం మింగుతున్నాడు. షుగరు పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ఒంట్లో సహజంగా ఆ హార్మోను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని మానేసి కూర్చుంటాయి. వాటికేం తెలుసు, బయటి నుంచి సరఫరా వస్తోంటే మనకెందుకు శ్రమ అనుకుంటాయి.

ఆ తర్వాత ఒక నెల గురువుగారు రారు. లాడ్జి మారుస్తారు, లేదా జిల్లాయే మారుస్తారు. పొట్లాలు అయిపోతాయి. లోపల స్టెరాయిడ్ హఠాత్తుగా ఆగిపోతే సోరియాసిస్ మామూలుగా తిరిగిరాదు. కొందరికి ఒంటినిండా చీముపొక్కులు లేస్తాయి. కొందరికి తల నుంచి కాలి దాకా చర్మమంతా ఎర్రబారి పొరలుపొరలుగా ఊడుతుంది. ఎరిత్రోడెర్మా అంటారు. ఒంట్లో వేడి నిలవదు, నీరు నిలవదు, మే నెల ఎండలో దుప్పటి కప్పుకుని వణుకుతాడు. అప్పుడు మోసుకుపోయేది లాడ్జికి కాదు, ప్రభుత్వాసుపత్రి చర్మ విభాగానికి. అక్కడ కేస్‌షీట్ రాసే కుర్ర డాక్టరు "ఇంతకుముందు ఏం మందులు వాడారు?" అని అడుగుతుంది.

"ఏమీ లేదమ్మా. ఇంగ్లీషు మందులు ముట్టనే లేదు. ఆకుపొడే."

చట్టాలు లేవా అంటారేమో. ఉన్నాయి, భేషుగ్గా ఉన్నాయి. మాయ మందుల ప్రకటనలను అరికట్టే చట్టం 1954లోనే వచ్చింది. ఫలానా రోగాలను నయం చేస్తామని ప్రకటించడమే నేరమంటూ దానికొక జాబితా ఉంది. బొల్లి అందులో ఉంది, మధుమేహం ఉంది, స్త్రీల సంతానలేమి ఉంది. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు. ఆ చట్టం ప్రతి గోడా చదువుతుంది, ప్రతి బస్సు వెనకా పరిగెడుతుంది, పొద్దున్నే ప్రతి చానల్లో అరగంట కూర్చుని "కాలర్ లైన్లో ఉన్నారు డాక్టర్‌గారూ" అన్న యాంకరమ్మ చిరునవ్వు చూస్తుంది, ఏమీ అనదు. డ్రగ్ ఇన్‌స్పెక్టరు వెళ్ళేదారిలోని స్తంభానికే కాగితం అంటించి ఉంటుంది. ఆయనకు కనబడదు. ఎలా కనబడుతుంది పాపం, జీపు వేగంగా పోతుంది.

ఈ మాటలు వినగానే ఒకాయన లేస్తాడని నాకు తెలుసు. "అయితే అయిదువేల ఏళ్ళ ఆయుర్వేదం అబద్ధమంటావా?" అంటాడు. ఆయుర్వేదాన్ని తెచ్చి లాడ్జి మంచం కింద దాచుకున్నది నేను కాదు. చరకుడు చర్మరోగాలను పద్దెనిమిది రకాల కుష్ఠాలుగా విడగొట్టి అధ్యాయం రాశాడు. రోగాలన్నీ నయమవుతాయని ఆయనెక్కడా బుకాయించలేదు. సాధ్యం, కష్టసాధ్యం, యాప్యం, అసాధ్యం అని వరస పెట్టాడు. యాప్యమంటే మందు వాడినంతకాలం అదుపులో ఉండేది, ఆపితే తిరగబెట్టేది. సోరియాసిస్ గురించి నేటి చర్మ డాక్టరు చెప్పేదీ అచ్చం అదే. అసాధ్యమైన రోగాన్ని నెత్తిన వేసుకున్న వైద్యుడికి డబ్బు పోతుంది, విద్య పోతుంది, కీర్తి పోతుంది అని కూడా ఆయన హెచ్చరించాడు. పాపం చరకుడికి కేబుల్ టీవీ తెలియదు. ఇప్పుడు అసాధ్యాన్ని నెత్తిన వేసుకున్నవాడికే డబ్బూ వస్తోంది, కీర్తీ వస్తోంది. మొదటి నుంచీ లేనిది విద్యే కాబట్టి అది పోయే ప్రశ్న లేదు. అయిదారేళ్ళు చదివి ఆయుర్వేద పట్టా పుచ్చుకున్న నిజమైన వైద్యుడు, "ఇది పూర్తిగా పోదండీ, అదుపులో ఉంచుకుందాం" అని నిజం చెప్పిన పాపానికి ఖాళీ కుర్చీల ముందు ఈగలు తోలుకుంటున్నాడు.

ఆకులో మందు లేదని కూడా నేననను. ఉన్నచోట ఏం జరిగిందో చరిత్రలో ఉంది. బావంచాల గింజలు మన వైద్యంలో బొల్లికి ఏనాటి నుంచో వాడుతున్నవే. వాటిలో సోరాలెన్ అనే పదార్థముంది. అది ఒంట్లో ఉండగా అతినీలలోహిత కాంతి తగిలితే చర్మం స్పందిస్తుంది. ఎంత మందుకు ఎంత కాంతి, ఎన్ని నిమిషాలు అని కొలతలు కట్టి 1974లో సోరియాసిస్ చికిత్సగా లోకానికి చూపించారు. పువా అని పేరు. ఏళ్ళ తరబడి వాడితే చర్మ కేన్సరు ముప్పు పెరుగుతుందని కూడా కొలిచి చెప్పారు. అదే గింజను కొలత లేకుండా నూరి పూసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చున్నవాడికి బొబ్బలెక్కుతాయి. ఇంకో మూలిక కథ గోవా పౌడరుది. బ్రెజిల్ అడవుల్లోని ఒక చెట్టు చేవ నుంచి రాలిన పొడి పోర్చుగీసు ఓడలెక్కి గోవా చేరింది, మనవాళ్ళు తామరకు పూశారు. 1870ల్లో లండన్ డాక్టరొకాయన సోరియాసిస్‌కి పూసి చూశాడు. ఆ పొడిలోని గుణాన్ని పట్టుకుని 1916లో డైథ్రనాల్ తయారైంది. బట్టలకు మరక, చర్మానికి మంట, కానీ పనిచేస్తుంది. మరకా మంటా దాచిపెట్టలేదు, చీటీ మీద రాశారు.

ఆకు గొప్పదైతే దానికి కొలతంటే భయముండదు. భయమంతా దాన్ని అమ్మేవాడికే.

ఇక్కడ మనవాడొకడిని తలుచుకోకపోతే తప్పు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. వైద్యం చదివి, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం పాఠాలు చెప్పి, ఆయుర్వేద మందుల గుణమేమిటో ఆధునిక పద్ధతిలో తేల్చాలని తపనపడి, చివరికి అమెరికా వెళ్ళాడు. అక్కడ లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, దానికి ఎదురు తిరిగే మందులను తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్ సోరియాసిస్‌ని తగ్గిస్తుందని 1951లో బయటపడింది. అప్పటికి ఆయన పోయి మూడేళ్ళు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ ప్రపంచమంతా ముదిరిన సోరియాసిస్‌కి వాడే చవక మందు. వారానికి ఒకే రోజు మింగాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం తీస్తుంది. రక్తపరీక్ష, కాలేయ పరీక్ష చేయిస్తూ ఉండాలి. దాని దుష్ఫలితాలు తగ్గడానికి పక్కనే ఇంకో బిళ్ళ ఇస్తారు, ఫోలిక్ ఆమ్లం. మందూ ఆయన బృందానిదే, మందుకు విరుగుడూ ఆయన బృందానిదే. మనం కృతజ్ఞతగా 1995లో తపాలా బిళ్ళ వేశాం. భీమవరంలో పుట్టినవాడి బుర్ర నుంచి వచ్చిన బిళ్ళను "ఇంగ్లీషు మందు, విషం" అని పారేసి, ఊరూ పేరూ లేనివాడు లాడ్జిలో ఇచ్చిన పొట్లాన్ని "మన సంప్రదాయం" అని మింగుతున్నాం.

మర్యాదగల మూలికలూ ఉన్నాయి, వాటికి అన్యాయం చెయ్యను. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే అంకుడు చెట్టు తెలుసు కదా. తమిళ దేశపు సిద్ధ వైద్యులు ఆ చెట్టు ఆకులను కొబ్బరినూనెలో వేసి, గాజుసీసాలో ఎండకు పెడతారు. ఆకులోని నీలిరంగు దిగి నూనె ఊదారంగుకు తిరుగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆ నూనె పూస్తే పొలుసులు మెత్తబడతాయి, చర్మం చిట్లడం తగ్గుతుంది, దురద కాస్త నెమ్మదిస్తుంది. అందులో కొబ్బరినూనె వాటా ఎంత, ఆకు వాటా ఎంత అన్నది పెద్ద పరీక్షలు చేసి తేల్చాల్సిన సంగతి. సోరియాసిస్ చర్మానికి ఎండిపోకుండా నూనె తగలడం మాత్రం ఏ వైద్యంలోనైనా మంచిదే. అంకుడు నూనె రాసుకునేవాణ్ణి నేను వెక్కిరించను. వాడు నూనె రాసుకుంటున్నాడు, నూనెతో వచ్చేంత మేలు పొందుతున్నాడు. అదే నూనెను "మూలాల నుంచి పెకిలించే దివ్య తైలం" అని వందరెట్లు ధర కట్టినవాడిని, దాన్ని నమ్మించి మెథోట్రెక్సేట్ ఆపించినవాడిని వెక్కిరిస్తాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నది పాత సామెత. ఇప్పుడు పెరటి చెట్టే పనికొస్తుంది, కాకపోతే హిమాలయాల దాకా పోయి, పెట్టెలో కూర్చుని, కొరియర్లో తిరిగి రావాలి.

తెల్లకోట్ల పెద్దలు ఇంతసేపూ చప్పట్లు కొడుతున్నట్టున్నారు. కాస్త ఆగండి బాబూ. ఈ లాడ్జి బేరానికి గిరాకీ పంపింది మీరే. రెండు గంటలు వరండాలో కూర్చోబెట్టి, రెండు నిమిషాలు చూసి, తలెత్తకుండా చీటీ రాసి, "ఇది పోదు" అని ఒక్క ముక్క అనేసి గంట కొట్టినవాళ్ళు మీలో లేరా? "పోదు, కానీ అదుపులో పెట్టొచ్చు, పిల్లలకు అంటదు, పెళ్ళి చేసుకోవచ్చు, ఇదిగో ఇలా రాసుకో" అని చెప్పడానికి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు గురువుగారు ఇచ్చారు. ఆయన అమ్మింది పొడి కాదు, ఆ రెండు నిమిషాలే. ఇక మందుల షాపు డాక్టరుగార్ల సంగతి చెప్పనక్కర్లేదు. తామరని చెయ్యి చూపిస్తే స్టెరాయిడూ, యాంటీబయాటిక్కూ, ఫంగస్ మందూ కలగలిపిన ట్యూబు చీటీ లేకుండా చేతిలో పెడతారు. వాళ్ళ పుణ్యమా అని దేశంలో తామరే మొండిబారిపోయింది. వెయ్యిమందిని చంపితే అర వైద్యుడన్నారు పెద్దలు. ఆ లెక్కన మన వీధి చివర ఎంతమంది పూర్తి వైద్యులున్నారో!

ఇప్పుడు పొట్లం చేతిలో ఉన్నవారికి ఒక మాట. ఎగతాళి అయిపోయింది, ఇది వినండి. మీ పొడి మూడు రోజుల్లో పనిచేసి ఉంటే, ముఖం నిండి ఉంటే, ఈ వ్యాసం చదివిన కోపంలో దాన్ని ఇవాళే కాలవలో పారెయ్యకండి. స్టెరాయిడ్ ఉంటే ఒక్కసారిగా ఆపడమే ప్రమాదం. మిగిలిన పొట్లాలు పట్టుకుని, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి చర్మ విభాగానికి వెళ్ళండి. ఎన్నాళ్ళుగా, రోజుకు ఎన్ని వాడారో దాచకుండా చెప్పండి. వాళ్ళు షుగరూ బీపీ చూసి, మెల్లగా తగ్గిస్తూ ఆపిస్తారు. అక్కడి కుర్ర డాక్టరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. పొట్లం మాత్రం ఆవిడ బల్ల మీద పెట్టకుండా రాకండి.